సైంధవ లవణం కాదు, అరటికాయ సంగతి చూడండి

"సైంధవ లవణం వాడితే బీపీ రాదట కదా?" అని ఒకాయన అడిగారు. రంగు గులాబీయే అయినా అందులో ఉన్నదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే. ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయంటారే, ఇదీ ఆ బాపతు నమ్మకమే. అడగాల్సింది కూరల్లో, పళ్లలో ఉండే పొటాషియం గురించి.

1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనంలో 32 దేశాల్లో 52 చోట్ల పదివేల మందికి పైగా 24 గంటల మూత్రం పట్టి అందులోని ఉప్పునీ, వాళ్ల బీపీనీ కొలిచారు. అమెజాన్ అడవుల్లోని యానోమామీలు వంటలో ఉప్పు వేసుకోరు. పొటాషియం ఉండే అరటి, కర్రపెండలం తింటారు. వాళ్ల బీపీ సగటున 95/61 దగ్గర ఉంది, వయసుతో పెరగలేదు కూడా. అలాంటి మారుమూల జనాలున్న నాలుగు చోట్లని పక్కన పెడితే మిగతా 48 చోట్ల ఉప్పుకీ సగటు బీపీకీ లంకె కనబడలేదు. ఉప్పు ఎక్కువ తినేచోట వయసుతో బీపీ పెరిగే వేగం మాత్రం ఎక్కువగానే ఉంది.

ఇక నాకిష్టమైన కిడ్నీ దగ్గరికొద్దాం. పండక్కి ఇల్లు సర్దేటప్పుడు బీరువాలోవన్నీ బయట పడేసి, కావాల్సినవి మళ్లీ లోపల పెడతామే, దాని పనీ అంతే. రక్తంలోంచి రోజుకి 180 లీటర్ల నీరు వడగడుతుంది. అందులోని సోడియాన్ని ఉప్పు లెక్కన చూస్తే కిలోన్నర! నూటికి 99 పాళ్లకు పైగా తిరిగి లోపలికి లాక్కుంటుంది. కిడ్నీలోని సన్నటి గొట్టాల చివరిదాకా వచ్చిన సోడియాన్ని లోపలికి తీసుకుంటూ దాని బదులు పొటాషియాన్ని బయటికి పంపుతుంది. తిండిలో పొటాషియం తగ్గిందనుకోండి, ఉన్నది పోకుండా కాపాడుకోవాలి. అందుకని సోడియం అంతదూరం రాకముందే ఎన్‌సీసీ అనే ప్రోటీన్ దాన్ని పట్టేస్తుంది. పొటాషియం మిగులుతుంది, ఉప్పూ మిగులుతుంది. దాని వెంట నీరు, నీటి వెంట బీపీ. అంటే కూర తినకపోతే పచ్చడిలో ఉప్పు ఇంకా గట్టిగా పనిచేస్తుందన్నమాట!

ఉత్తర చైనాలో 600 పల్లెలు తీసుకుని, వాటిలో సగం చోట్ల పక్షవాతం వచ్చినవాళ్లకీ, అరవై దాటిన బీపీ రోగులకీ పాతిక శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పిచ్చి చూశారు. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలు ఉప్పు తిన్నవాళ్లతో పోలిస్తే పక్షవాతం 14 శాతం తగ్గింది.

ఇది చదివి ఆ ఉప్పు ప్యాకెట్ కొనేయకండి. కిడ్నీ చెడితే పొటాషియం ఒంట్లోనే పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది. కొన్ని బీపీ మాత్రలతోనూ ఆ ముప్పు ఉంది, ముందు డాక్టర్ని అడగాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో తెలిసిందే. ఆ ప్రాంతం నిండా కొబ్బరి తోటలు. జబ్బు ముదిరి పొటాషియం పెరిగినవాళ్లకి మాత్రం పొటాషియం ఎక్కువుండే కొబ్బరినీళ్లు వద్దనాలి, కూర ఉడికించిన నీళ్లు వంపేయమనాలి.