చిన్న సైటు దాకా రాని చట్టం

స్లాబ్ పోసే రోజు ఏదైనా చిన్న సైటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతూనే ఉంటుంది, తట్టలు చేతులు మారుతూనే ఉంటాయి. పైన పచ్చి కాంక్రీటు. ఆ బరువంతా మోసేది కింద వరసగా నిలబెట్టిన సరుగుడు కర్రలు. కర్ర పొట్టిదైతే కింద ఇటుక ముక్క పెడతారు. పోత నడుస్తున్నంతసేపూ కర్రలు, పలకలు బిగించే సెంట్రింగ్ మనిషి ఒకడు ఆ కర్రల మధ్యే వంగి తిరుగుతూ, వదులైన చోట చెక్కలు కొట్టి బిగిస్తూ ఉంటాడు. ఒక్క కర్ర జారితే మొదట పోయేది అతనే.

నిర్మాణం ప్రమాదకరమైన పని అని మన సుప్రీంకోర్టు 1982లోనే తేల్చి చెప్పింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కడుతున్న రోజులవి. కూలీల దుస్థితి గురించి ఒక హక్కుల సంఘం ఆ కోర్టు న్యాయమూర్తి జస్టిస్ భగవతికి ఉత్తరం రాస్తే, దాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. బాలకార్మికులపై 1938లో వచ్చిన చట్టం జాబితాలో నిర్మాణ పని లేదని అధికారులు వాదించారు. జాబితాలో లేకపోయినా అది ప్రమాదకరమైన పనేననీ, 14 ఏళ్లలోపు పిల్లలను అందులో పెట్టడానికి రాజ్యాంగం ఒప్పుకోదనీ కోర్టు చెప్పింది.

నిర్మాణ కూలీలకు ప్రత్యేక చట్టం కోసం 1985 నుంచి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ నాయకత్వంలో ఉద్యమం నడిచింది. 1996లో ఒకటి కాదు, రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి పని పరిస్థితులకు, భద్రతకు. రెండోది నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలుకు. నా దృష్టిలో కథ అడ్డం తిరిగింది ఇక్కడే. అందరి చూపూ డబ్బు మీదికి పోయింది. పోనీ, ఆ డబ్బైనా కూలీకి చేరిందా అంటే అదీ లేదు. సెస్సు కింద రూ. 37,400 కోట్లు వసూలైతే ఖర్చయింది సుమారు రూ. 9,500 కోట్లేనని 2018 తీర్పులో సుప్రీంకోర్టు ఆవేదన చెందింది. మనిషి పోయాక ఇచ్చే సాయం గురించి మాట్లాడినంతగా, పోకముందు పరంజా ఎవరు తనిఖీ చేశారన్నది ఎవరూ మాట్లాడలేదు.

దాని ఫలితం ఉత్తరాంధ్ర ఊళ్లకు బాగా తెలుసు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వారిలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వలస కూలీలు. 2016 డిసెంబరులో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఏడంతస్తుల భవనం రాత్రిపూట కుప్పకూలింది. కూలీల కుటుంబాలు అందులోనే కాపురం ఉంటున్నాయి. అక్కడా చాలామంది విజయనగరం వాళ్లే.

ఇవి పెద్ద భవనాలు కాబట్టి పేపర్లకెక్కాయి. 1996 భద్రతా చట్టం పదిమంది కన్నా తక్కువ కూలీలున్న పనులను, రూ. 10 లక్షల లోపు సొంతింటి పనులను మొదటినుంచీ వదిలేసింది. దాని స్థానంలో, 2020లో ఆమోదం పొంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఒక మంచి పని చేసింది: 500 మంది కూలీలుంటేనే వేయాల్సిన భద్రతా కమిటీని 250 మందికే తప్పనిసరి చేసింది. కానీ సొంతింటి మినహాయింపును రూ. 50 లక్షలకు పెంచింది. జిల్లా కేంద్రాల్లో కట్టే రెండంతస్తుల ఇళ్లు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి. సరుగుడు కర్ర కింద ఇటుక ముక్క పెట్టేది ఆ ఇళ్ల దగ్గరే.