కేవీఎం స్విచ్: చిన్న సర్వర్ గదుల్లో పాతుకుపోయిన అపోహలు

గాజువాక నుంచి మధురవాడ దాకా విశాఖపట్నంలోని చిన్న సంస్థల సర్వర్ గదులను చూసుకోవడం నా వృత్తి. నాలుగైదు సర్వర్లను ఒకే కీబోర్డు, మానిటరు, మౌస్‌తో నడిపే కేవీఎం స్విచ్‌ను కొనేవారు ముందుగా ధర, ఆ తర్వాత పోర్టుల సంఖ్య అడుగుతారు. సర్వర్ బూట్ కాకుండా ఆగిపోయిన వేళ అది బయోస్ తెరను (ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుకాకముందే వచ్చే సెటప్ తెరను) చూపుతుందా అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న.

అపోహ: పోర్టులు సరిపోతే ఏ స్విచ్ అయినా ఒకటే.

వాస్తవం: సర్వర్ మానిటరు వివరాలను ఈడీఐడీ అనే సమాచారం ద్వారా తెలుసుకుంటుంది. చౌకరకం స్విచ్‌లు చాలావరకు ఎంపికలో లేని పోర్టుకు దీన్ని అందించవు కనుక, మనం వేరే సర్వర్‌ను చూస్తుండగా రీబూట్ అయిన యంత్రం తనకు మానిటరే లేదనుకుంటుంది. కీబోర్డుదీ అదే తంతు. పోర్టు మార్చిన ప్రతిసారీ దాన్ని పీకి మళ్లీ పెట్టినట్టే కాబట్టి, సర్వర్ గుర్తించేలోగా సెటప్‌లోకి వెళ్లేందుకు ఎఫ్2 నొక్కాల్సిన సమయం దాటిపోతుంది. ద్వారకానగర్‌లోని ఒక కార్యాలయంలో రాత్రి పదకొండింటికి నల్లటి తెర చూసి మదర్‌బోర్డు పోయిందనే అనుకున్నాను. మరో మానిటరును నేరుగా తగిలించి రీస్టార్ట్ చేస్తే, రెయిడ్‌లో (కొన్ని డిస్కులను కలిపి వాడే అమరికలో) ఒక డిస్కు పాడైందని, కొనసాగడానికి ఎఫ్1 నొక్కమని కనిపించింది. అందుకే ప్రతి పోర్టుకూ ఈడీఐడీ, కీబోర్డు ఎమ్యులేషన్ (ఎంపికలో లేనప్పుడూ మానిటరు, కీబోర్డు తగిలించే ఉన్నట్టు సర్వర్‌కు చూపడం) విడివిడిగా ఉన్నాయో లేదో స్పెసిఫికేషన్లలో వెతకాలి.

అపోహ: క్యాట్5 (నెట్‌వర్క్‌కు వాడే రకం కేబుల్) కేవీఎం అంటే నెట్‌వర్క్ మీద నడిచేదే.

వాస్తవం: కేబుల్ ఒకటే గాని, మామూలు క్యాట్5 కేవీఎంలో అందులో పారేది ఈథర్‌నెట్ కాదు. సర్వర్ వెనక ఉన్న మాడ్యూల్ నుంచి కేవీఎంకు నేరుగా లాగాలి. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెడితే పనిచేయదు.

అపోహ: ఐపీ కేవీఎం (నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచే వాడుకునే రకం) ఉంటే గదికి వెళ్లే పనే ఉండదు.

వాస్తవం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక ఈ నగరంలో కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ అన్నీ దెబ్బతిన్నాయి. నెట్‌వర్కే లేనప్పుడు ఐపీ కేవీఎం ఉత్త పెట్టె, అందుచేత స్థానికంగా మానిటరు తగిలించుకునే పోర్టు తప్పనిసరి, యూపీఎస్ కనెక్షన్ కూడా. ఐపీ కేవీఎంను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకుండా వేరే వీల్యాన్‌లో (మిగతా నెట్‌వర్క్ నుంచి వేరుచేసిన భాగంలో) పెట్టి, వీపీఎన్ అనే సురక్షిత దారి ద్వారానే చేరుకోవాలి. సర్వర్లలో ఐలో, ఐడ్రాక్ వంటివి (సర్వర్‌లోనే అమర్చి వచ్చే రిమోట్ నిర్వహణ సదుపాయాలు) ఉంటే అసలు ఐపీ కేవీఎం అవసరమే పడకపోవచ్చు, కాకపోతే రిమోట్ కన్సోల్‌కు తగిన లైసెన్సు ఉందేమో ముందే చూసుకోండి.

కేబుళ్ల సంగతి క్లుప్తంగా: వీజీఏ (పాత తరహా మానిటరు) కేబుల్ పొడవు పెరిగేకొద్దీ అక్షరాలకు నీడ పడుతుంది. బీచ్ రోడ్డు వైపు గదుల్లో ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు తుప్పు పడతాయి కనుక ఒక జత అదనంగా ఉంచుకోవడం నా అలవాటు.

డబ్బు కట్టేముందు దుకాణంలోనే రెండు యంత్రాలు తగిలించమనండి. మొదటిది తెర మీద ఉండగా రెండోదాన్ని రీస్టార్ట్ చేసి, వెంటనే దాని పోర్టుకు మారి ఎఫ్2 నొక్కండి. సెటప్ తెర రాకపోతే మరో మోడల్ చూపించమనండి.