న్యూట్రల్ తెగిన సాయంత్రం

మే నెలాఖరు. హనుమకొండలో మా వాడకట్టు మీద గాలిదుమారం లేచి, వేపకొమ్మ ఒకటి విరిగి కరెంటు తీగల మీద పడింది. కరెంటు పోలేదు. పోయినా బాగుండేది. హాల్లో ఫ్యాను ఒక్కసారిగా జోరందుకుంది. దేవుడి గూట్లో జీరో బల్బు ఎన్నడూ లేనంత వెలుగిచ్చి మాడిపోయింది. సెట్‌టాప్ బాక్సు దగ్గర టప్పుమని శబ్దం, వెనకే కాలిన వాసన. మా ఆవిడ పరుగెత్తి మెయిన్ ఆపేసేలోపే టీవీ, ఫ్రిజ్ బోర్డు, రెండు ఫోన్ చార్జర్లు పోయాయి. విచిత్రమేమిటంటే ఎదురింట్లో అదే నిమిషంలో ఫ్యాను తిరగలేక తిరిగిందట. "మాకు లో వోల్టేజీ వస్తే మీకు హై ఎట్లొచ్చింది సార్?" అని ఎదురింటాయన అడిగాడు.

మంచి ప్రశ్న. జవాబు స్తంభం మీదే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మన వీధికి వచ్చేవి మూడు ఫేజులు (కరెంటు తెచ్చే తీగలు), ఒక న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ). ఏ ఇంటికైనా ఒక ఫేజు, న్యూట్రల్ కలిపి ఇస్తారు. ఆ రెంటి మధ్య 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య అయితే 400. న్యూట్రల్ అంటే పంపకాల దగ్గర కూర్చున్న పెద్దమనిషి లాంటిది. ఆయన ఉన్నంతసేపు ఎవరి వాటా వాళ్లకు అందుతుంది. ఆయన లేచి వెళ్లిపోయాడా, అంటే వేపకొమ్మ పడి ఆ న్యూట్రల్ తీగ తెగిందా, వేర్వేరు ఫేజుల మీద ఉన్న రెండిళ్లు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో పడి, ఆ 400 వోల్టులను పంచుకోవాల్సి వస్తుంది. సమానంగా మాత్రం కాదు.

లెక్క చూడండి. ఎదురింట్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె నడుస్తోంది, దాని నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, సుమారు 53 ఓములు. మా ఇంట్లో మొత్తం 100 వాట్ల వాడకం, నిరోధం 530 ఓముల దాకా. సిరీస్‌లో ఎక్కువ నిరోధం ఉన్నచోటే ఎక్కువ వోల్టేజీ పడుతుంది. అంటే మాకు 360 వోల్టులు, వాళ్లకు 40 లోపు. స్తంభం కింద పదిళ్లుంటాయి, మూడు ఫేజులుంటాయి కాబట్టి నిజంలో లెక్క ఇంత తేలిగ్గా తెగదు. కానీ దెబ్బ పడే తీరు ఇదే. పొదుపుగా వాడుకుంటున్న ఇంటికే నష్టం, ఇదేం న్యాయమో!

ఆ టప్పుమన్న శబ్దానికీ లెక్క ఉంది. 230 అని మనం చెప్పుకునేది ఒక రకం సగటు. తరంగం శిఖరం 325 వోల్టుల దాకా వెళ్తుంది. చార్జర్లు, సెట్‌టాప్ బాక్సుల లోపల ఆ శిఖరం దాకా నిండే కెపాసిటర్ (విద్యుత్తును నింపి ఉంచే భాగం) ఒకటుంటుంది, చిటికెన వేలంత డబ్బా. మామూలుగా అది 400 వోల్టుల వరకు తట్టుకుంటుంది. సరఫరా 360 అయితే శిఖరం 500 దాటుతుంది. డబ్బా పగలక ఏం చేస్తుంది?

మరి ఎంసీబీ, అదే కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్చు, ఎందుకు పడలేదు? దాని చూపు ఆంపియర్ల (పారే కరెంటు) మీదే, వోల్టులు దానికి పట్టవు. వోల్టేజీ కుదుపులను ఆపుతుందని కొన్న నా స్పైక్ బస్టర్ బోర్డు కూడా నన్ను కాపాడలేదు. బజారులో ఆ పేరుతో అమ్మేవాటిలో కొన్ని ఉత్త ఎక్స్‌టెన్షన్ బోర్డులే. అసలైనవాటిలో రూపాయి బిళ్లంత జింక్ ఆక్సైడ్ ముక్క ఉంటుంది. వోల్టేజీ హద్దు దాటగానే అది దారి తెరిచి, అదనంగా వచ్చినదాన్ని తనలోంచి పంపేస్తుంది. దూరాన పిడుగు పడ్డప్పుడు తీగల్లో వచ్చే, సెకనులో లక్షో వంతు ఉండే కుదుపుకు అది సరిపోతుంది. న్యూట్రల్ తెగితే నిమిషాల తరబడి వచ్చే హై వోల్టేజీకి అదే ముందు మాడిపోతుంది. దీనికి కావాల్సింది మెయిన్ బోర్డులో ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. హద్దు దాటితే ఇంటి మొత్తానికి సరఫరా కట్ చేస్తుంది, మామూలు స్థితికి వచ్చి కాసేపు నిలబడ్డాకే మళ్లీ కలుపుతుంది. టీవీ పోయాక నేను పెట్టించింది అదే.

మన వైపు ఇంకో తిప్పలు లో వోల్టేజీ. రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్లు, భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1100 మెగావాట్లు. కరెంటు పుట్టే గడ్డ మీదే కూర్చున్నాం. అయినా ఊరి చివరి ఇంట్లో బల్బు కొడిగట్టిన దీపంలా ఉంటుందంటే తప్పు ప్లాంటుది కాదు, చివరి రెండు కిలోమీటర్ల తీగది. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలవక ముందు టైమింగ్స్ ప్రకారం సరఫరా ఉండేది. అర్ధరాత్రి లేచి బాయికాడికి ఎవరు పోతారని రైతులు ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకేసారి లేచేవి. మోటారు లేచేటప్పుడు, నడిచేటప్పటికంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ కూలిపోయేది.

అందుకే నా భయం కరెంటు పోవడం గురించి కాదు, రావడం గురించి. ఫ్రిజ్ కంప్రెసర్ ఆగిన వెంటనే లోపల గ్యాసు ఒత్తిడి దిగదు. ఆ ఒత్తిడి మీద, తక్కువ వోల్టేజీతో మళ్లీ లేవమంటే లేవలేదు. హుమ్‌మని మూలుగుతూ, కరెంటు లాగుతూ వైండింగ్ వేడెక్కుతుంది. స్టెబిలైజర్‌లో మూడు నిమిషాల ఆలస్యం పెట్టేది ఆ ఒత్తిడి సర్దుకోవడానికే.

ఇన్వర్టర్ సంగతి అందరికీ తెలిసిందే. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), 12 వోల్టుల బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్-అవర్లు. నష్టాలు పోను 300 వాట్ల మీద నాలుగు గంటలు నడిస్తే సంతోషించాలి.

అంతకు మించి కావాలంటే జనరేటరే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టూ మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలకు అది తప్పదు. లీటరు డీజిలుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. మీ బిల్లులో యూనిట్ ధర పక్కన పెట్టి చూసుకోండి. జనరేటర్‌లో ఫ్రీక్వెన్సీ (కరెంటు తరంగం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) అంటే వేగమే. పెద్ద డీజిల్ సెట్లు నిమిషానికి 1500 చుట్లు, చిన్న పెట్రోలువి 3000 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్ వస్తుంది. ఏసీ వేయగానే ఇంజిను గుర్రుమని కుంగడం మీరు వినే ఉంటారు. ఆ క్షణంలో ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ రెండూ కుంగుతాయి. ఆయిల్ అయిపోయే ముందు ఇంజిను ఎగసి పడుతూ ఆగుతుంది, టీవీలకు అదే గండం. ట్యాంకు అడుగంటక ముందే ఇంట్లో స్విచ్చులు ఆపేయాలి. సెల్లార్లో, మెట్ల కింద, కిటికీ పక్కన మాత్రం జనరేటర్ పెట్టకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు.

జనరేటర్‌ను ఇంటికి కలిపే తీరు ఇంకా ముఖ్యం. కొందరు రెండు వైపులా పిన్నులున్న వైరు చేసుకుని నేరుగా గోడ సాకెట్లో గుచ్చేస్తారు. మెయిన్ ఆపడం మర్చిపోతే ఆ కరెంటు వెనక్కి, స్తంభం మీదికి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎటు నుంచి ఇచ్చినా ఒకటే. 11,000 వోల్టులను 433 చేసే యంత్రం, మీ 230ని అవతలి తీగల మీద సుమారు 10,000 చేసి పెట్టగలదు. చేంజోవర్ స్విచ్ ఉంటే ఈ పని జరగదు. దాని పిడి ఒక వైపు లైనుకు, ఇంకో వైపు జనరేటర్‌కు తగులుతుంది, రెంటికీ ఒకేసారి తగలదు.

ఆ సాయంత్రం మా న్యూట్రల్ అతికించడానికి లైన్‌మన్ వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ బంద్ చేసి వచ్చి, నిచ్చెన వేయకముందే అడిగాడు: "ఈ లైన్ల ఎవలింట్లనన్న జనరేటర్ నడుస్తున్నదా సార్?"

లేదన్నాం. అయినా ఒకసారి చెవి రిక్కించి విన్నాడు. తర్వాత తీగలన్నిటినీ ఒక వైరుతో కలిపి నేలకు తగిలించి, అప్పుడు ఎక్కాడు.