ఇంట్లో చేసిన బీరు ఎంత చల్లగా ఉండాలి? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునే తెలుగువాళ్ల కోసం ఇది. ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా తయారుచేయడం నేరం, అక్కడ ప్రయత్నించకండి. డిగ్రీలన్నీ సెల్సియస్‌లో ఇస్తున్నాం.

అపోహ: సీసాలకు మూతలు బిగించగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

పెడితే గ్యాస్ పట్టదు. 19 లీటర్ల బీరుకు 115 గ్రాముల కార్న్ షుగర్‌ను నీళ్లలో మరిగించి, చల్లార్చి కలుపుతాం కదా, ఆ చక్కెరను తిని గ్యాస్ చేసేది ఈస్టే (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి). ఫ్రిజ్ చలికి అది పని మానేసి అడుగుకు చేరుతుంది. అందుకే మొదటి రెండు వారాలు 20-24 డిగ్రీల్లో, చీకట్లో ఉంచండి. గ్యాస్ పట్టిందో లేదో తెలియాలంటే సీసాలతో పాటు ఒక్క ఖాళీ ప్లాస్టిక్ సోడా బాటిల్ కూడా నింపండి. మొదటి రోజు బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. గ్యాస్ నిండాక రాయిలా గట్టిగా ఉంటుంది. అప్పుడు సీసాలు ఫ్రిజ్‌లోకి మార్చండి. తాగే ముందు కనీసం రెండు రోజులు చల్లగా ఉండనివ్వండి, గ్యాస్ బీరులో బాగా కలుస్తుంది, మడ్డి అడుగున గట్టిపడుతుంది. సీసాలు నిలబెట్టే ఉంచాలి.

అపోహ: గరాజ్‌లో ఎండ పడదు కదా, అక్కడుంటే చాలు.

ఎక్కువ బీరు పాడయ్యేది ఇక్కడే. డాలస్, హ్యూస్టన్ వేసవిలో మూసిన గరాజ్ 38 డిగ్రీలు సులువుగా దాటుతుంది. 10 డిగ్రీలు పెరిగితే బీరు పాతబడే వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది. బీరు వ్యాపారంలో 3-30-300 అనే మోటు లెక్క ఒకటుంది: 32 డిగ్రీల్లో 3 రోజులు, 22లో 30 రోజులు, 3లో 300 రోజులు, మూడింటిలోనూ బీరుకు జరిగే నష్టం దాదాపు ఒకటే. మనం చేత్తో నింపే సీసాల్లోకి ఫ్యాక్టరీలో కన్నా ఎక్కువ గాలి దూరుతుంది కాబట్టి మన బీరు ఇంకా త్వరగా దెబ్బతింటుంది. ముందు హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే పువ్వులు) వాసన పోతుంది, తర్వాత తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. ఒకసారి వచ్చాక చల్లబెట్టినా పోదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. పులియడం పూర్తికాకముందే నింపిన సీసాలు వేడిలో పగిలిపోతాయి, గాజు ముక్కలు ఎగిరి తగులుతాయి. హైడ్రోమీటర్ (బీరులో చక్కెర ఎంత మిగిలిందో చూపే సాధనం) రీడింగ్ మూడు రోజులు కదలకుండా నిలిచాకే నింపండి. ఈ విషయంలో తొందర అస్సలు వద్దు.

అపోహ: చల్లారిన బీరు మళ్లీ గది వేడికి వస్తే కంపు కొడుతుంది.

ఆ స్కంక్ కంపు వెలుతురు వల్ల వస్తుంది. హాప్స్‌లోని చేదు పదార్థాలను వెలుతురు విడగొట్టినప్పుడు పుట్టే గంధకపు వాసన అది. ఆకుపచ్చ సీసాలు, తెల్ల సీసాలు దాన్ని ఆపలేవు. గోధుమరంగు సీసాలే వాడండి, వాటినీ అట్టపెట్టెలో ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసి ఒక పూట బయట ఉంచినంత మాత్రాన బీరు చెడిపోదు.

అపోహ: ఎంత చల్లగా ఉంటే అంత మంచిది.

5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు సుమారు మైనస్ 2 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, గడ్డకడితే ఉబ్బి సీసా పగులుతుంది. చలికి బీరు మసకబారితే కంగారు పడకండి, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) లోని ప్రొటీన్ల వల్ల అలా అవుతుంది, వేడెక్కితే తేటపడుతుంది.

అపోహ: అన్ని బీర్లకూ ఒకటే చలి.

ఐపీఏ లాంటి హాప్స్ ఎక్కువున్నవి గ్యాస్ పట్టగానే 2-4 డిగ్రీల్లో పెట్టి, రెండు నెలల్లోపు తాగేయండి. ఇంపీరియల్ స్టౌట్, బార్లీవైన్ లాంటి ఘాటైనవి 10-13 డిగ్రీల్లో నెలల తరబడి నిలవ ఉండి మెరుగవుతాయి, చల్లని బేస్‌మెంట్ వాటికి సరిగ్గా సరిపోతుంది.

కెగ్ (బీరు నింపే లోహపు పీపా) అయితే 3 డిగ్రీల్లో గ్యాస్ ఒత్తిడి 12 పీఎస్ఐ పెట్టండి. ఒత్తిడి మార్చకుండా 10 డిగ్రీలకు వదిలేస్తే బీరులోంచి గ్యాస్ తగ్గిపోయి చప్పబడుతుంది.

ఫ్రిజ్ డయల్ మీది అంకెలను నమ్మకండి. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ముంచి, సీసాల మధ్య ఒక రాత్రంతా ఉంచి తెల్లారి చూడండి. తలుపు అరలో, వెనక గోడ దగ్గర కూడా అలాగే కొలవండి.