నూనెలో మెలిక

ధనుర్మాసంలో ఓ పొద్దున, సత్యనారాయణపురంలో మా ఇంట్లో తలకి రాసుకునే కొబ్బరి నూనె సీసా బోర్లిస్తే చుక్క రాలలేదు. రాత్రి చలికి తెల్లగా గడ్డకట్టింది. వంటింట్లో నెయ్యి కూడా పేరుకుని ఉంది. పక్కనే ఉన్న పల్లీ నూనెకి మాత్రం చలి సంగతి తెలిసినట్టే లేదు, గరిటెలోంచి ఎప్పటిలాగే జారుతోంది. బెజవాడలో చలేమిటని బయటి ఊళ్లవాళ్లు నవ్వుతారు గానీ, కొబ్బరి నూనెకి ఆ మాత్రం చాలు. అది కరిగేది 24 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా.

మూడూ కొవ్వులే, మూడింటి కట్టుబడీ ఒకటే. ఒక గ్లిజరాల్ అణువుకి మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు అతుక్కుని ఉంటాయి. తేడా అంతా ఆ గొలుసుల్లోనే. తిన్నగా ఉండేవి సంతృప్త ఆమ్లాలు. మరికొన్నిటిలో రెండు కర్బన పరమాణువుల మధ్య ద్విబంధం ఉండి, అక్కడ గొలుసు మెలిక తిరుగుతుంది. చీపురు ఈనెలు కట్ట కడితే బిగువుగా ఒదుగుతాయి. వంకర పుల్లలు కడితే సందులు మిగులుతాయి. ఇక్కడా అంతే. తిన్నని గొలుసులు దగ్గరగా చేరి గడ్డకడతాయి, మెలికలవి చేరలేక ద్రవంగా ఉండిపోతాయి.

నెయ్యిలో 60 శాతానికి పైగా సంతృప్త కొవ్వే. కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం. మరి కొబ్బరి నూనె నెయ్యి కంటే ముందే ఎందుకు కరుగుతుందంటే, దాని గొలుసులు పొట్టివి. సగం దాకా 12 కర్బనాల లారిక్ ఆమ్లమే. పల్లీ నూనెలో సుమారు సగం ఒక్క మెలిక ఉన్న ఓలిక్ ఆమ్లం, మూడో వంతు దాకా రెండు మెలికల లినోలిక్ ఆమ్లం. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో అయితే రెండు మెలికలదే పెద్ద వాటా. ఈ సంగతి గుర్తుంచుకోండి, బజ్జీల బండి దగ్గర అవసరం పడుతుంది.

ఏ దేశం ఏ కొవ్వుతో వండుకుంటుందన్నది చాలావరకు అక్కడి వాతావరణం తేల్చిన విషయం. చలిలో మొలకెత్తాల్సిన గింజ దాచుకున్న నూనె గడ్డకడితే మొలకకి తిండి అందడం కష్టం. అందుకే అవిసె, ఆవాల లాంటి చలి పంటల నూనెల్లో మెలికలు ఎక్కువ. కొబ్బరి, పామ్ చెట్లకి ఆ బెంగ లేదు. పచ్చిక, పశువులు ఉన్న ఉత్తర ఐరోపాలో వెన్నా పంది కొవ్వూ, మధ్యధరా తీరంలో ఆలివ్ నూనె, పశ్చిమ ఆఫ్రికాలో కెరోటీన్ అనే రంగు పదార్థం వల్ల ఎర్రగా ఉండే పామ్ నూనె. మనకూ పశువులున్నాయి, వెన్నా ఉంది. కానీ వెన్నలో సుమారు 16 శాతం నీరు. మన ఎండల్లో అది నాలుగు రోజులు నిలవదు. కాచి ఆ నీటిని తరిమేస్తే మిగిలేది నెయ్యి, నెలల తరబడి చెడదు. కాచేటప్పుడు తమలపాకో మునగాకో వేయడం వాసన కోసమే అనుకుంటాం గానీ, ఆ ఆకుల్లో కొవ్వు పాడవకుండా అడ్డుపడే పదార్థాలు కూడా ఉన్నాయి.

బెంగాల్ వాళ్ల ఆవ నూనె మనలో చాలామందికి పడదు. ముక్కులోకి ఎక్కే ఆ ఘాటు అల్లైల్ ఐసోథయోసైనేట్ అనే పదార్థానిది. ఆవగింజని నలిపి తడి తగిలిస్తే అందులోని ఎంజైము దీన్ని పుట్టిస్తుంది. ఆ ఘాటు తగ్గడానికి వాళ్లు నూనెని పొగ వచ్చేదాకా కాచి అప్పుడు వండుతారు. ‘అమ్మో, ఆ వాసన!’ అనే మనమే అదే ఘాటుని పిండి రూపంలో మామిడికాయ ముక్కలకి పట్టించి, ఏడాది పొడుగునా అన్నంలో కలుపుకుంటాం. ఆవకాయలో ‘ఆవ’ అదే కదా.

ఆవకాయకి మాత్రం మా వైపు పప్పునూనే పడాలి. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో కందిపప్పు నూనె అనుకుంటారు. నువ్వుపప్పు నుంచి తీసింది కాబట్టి పప్పునూనె. అసలు ‘నూనె’ అన్న మాటే నువ్వు, నెయ్యి కలిసి పుట్టింది. తమిళుల ‘ఎణ్ణెయ్’ కూడా ఇలాంటిదే, ఎళ్ అంటే నువ్వు. సంస్కృతంలో తిలల నుంచి వచ్చింది తైలం. ఇంగ్లీషు ‘ఆయిల్’ మూలం ఆలివ్. ఎవరికి ముందు ఏ నూనె దొరికితే దాని పేరే నూనెలన్నిటికీ స్థిరపడిపోయింది. ఆ లెక్కన కొబ్బరి నూనె అంటే కొబ్బరి నువ్వుల నెయ్యి! మనం తరతరాల ఆస్తి అనుకునే వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. గుంటూరు యార్డుని నింపే మిరపకాయా అమెరికా ఖండాలదే. ఆవకాయ జాడీలో పాతకాపులు నువ్వులూ, ఆవాలూ, మామిడీ.

మిరపలోని ఎర్ర రంగూ, కారాన్ని ఇచ్చే క్యాప్సైసినూ నీళ్లలో సరిగా కరగవు, నూనెలో కరుగుతాయి. మూడో రోజు తిరగకలిపేటప్పుడు పైకి తేలే నూనె అంత ఎర్రగా ఉండేది అందుకే. కారం మండితే మంచినీళ్లు పనిచేయవు, ముద్దపప్పులో నెయ్యి పనిచేస్తుంది, కారణం అదే. పైన తేలిన నూనె ముక్కలకి గాలి తగలనివ్వదు, బూజుకి గాలి కావాలి. నువ్వుల నూనెకి ఇంకో బలం కూడా ఉంది. మెలికలు తక్కువేమీ లేకపోయినా, సెసమాల్ లాంటి సహజ పదార్థాలు దాన్ని త్వరగా ముక్క వాసన పట్టనివ్వవు.

ముక్క వాసన రావడమంటే గాలిలోని ఆక్సిజన్ మెలికల దగ్గర దాడి చేయడం. రెండు మెలికల గొలుసు ఒక మెలికదాని కంటే కనీసం పది రెట్లు వేగంగా పాడవుతుంది. ఈ మెలికలు తగ్గేలా 1902లో విల్‌హెల్మ్ నార్మన్ అనే జర్మన్ నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అలా గడ్డకట్టించిన వనస్పతి, డాల్డా పేరుతో మనకి 1937లో వచ్చింది. ఆ పద్ధతిలో కొన్ని ద్విబంధాలు పోకుండా, మెలిక మాత్రం సాపై ట్రాన్స్ కొవ్వులయ్యాయి. గుండెకి చేటని తేలడంతో 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో వాటిని 2 శాతం దాటనివ్వడం లేదు.

ఇక బజ్జీ. 170, 180 డిగ్రీల నూనెలో మిరపకాయ వేస్తే లేచే బుడగలు నూనెవి కావు, పిండిలోని నీటి ఆవిరి. అది బయటికి తోసుకొస్తున్నంతసేపూ నూనె పెద్దగా లోపలికి పోలేదు. బాణలి నుంచి తీశాక ఆవిరి చల్లబడి, ఖాళీ అయిన సందుల్లోకి పైనున్న నూనె పీల్చుకుపోతుంది. చిల్లుల గరిటెతో తీయగానే బాగా వార్చాల్సింది అప్పుడే.

మా వీధి చివర బండి బాబాయిని ‘రాత్రి మిగిలిన నూనె ఏం చేస్తావు?’ అని అడిగాను. ‘పారబోస్తే ఎట్టా బాబూ? రేపటి కొత్త నూనెలో కలిపితేనే బజ్జీకి రంగొచ్చేది’ అన్నాడు. సగం నిజమే చెప్పాడు. పూర్తిగా కొత్త నూనెలో వాయి తెల్లగా వస్తుంది. కాస్త వాడిన నూనెలో పుట్టే పదార్థాలు తడి పిండికీ నూనెకీ దగ్గరతనం పెంచి ఎర్రగా వేయిస్తాయి. ఆ హద్దు దాటితే నూనె చిక్కబడి నురగ కడుతుంది. పాత నూనె కలిపితే కొత్తదీ త్వరగా చెడుతుంది. నూనె చెడేకొద్దీ ఇలా పేరుకునేవాటిని పోలార్ పదార్థాలంటారు, అవి 25 శాతం మించితే ఆ నూనె వంటకి పనికిరాదని నిబంధన, 2018 నుంచి అమల్లో ఉంది. బండి దగ్గర కొలిచేవాళ్లు ఎవరూ కనబడలేదు. పైగా ఆయన బాణలిలో ఉన్నది రెండు మెలికల పొద్దుతిరుగుడు నూనె, పల్లీ నూనె కాదు.

నేను బజ్జీలు మానలేదు. సాయంత్రం నాలుగున్నరకే, మొదటి వాయికి వెళ్తున్నాను.