టైమ్ వేసిన చీటీ

తిరుమలకు ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. అలిపిరిలో బయల్దేరి కొండెక్కి, దర్శనం చేసుకుని, రెండో దారిలో దిగితే మళ్లీ అలిపిరికే వస్తాం. చుట్టు పూర్తవుతుంది, కానీ గంటలు గడిచిపోయి ఉంటాయి. కిందికి దిగే బండికి పైన టైమ్ వేసి ఒక చీటీ ఇచ్చేవాళ్లు. ఇన్ని నిమిషాలకంటే ముందే కిందికి చేరితే స్పీడుగా నడిపినట్టే లెక్క. అలాంటి పాత చీటీ ఒకటి నా పుస్తకంలో ఉండిపోయింది. సిరా సగం చెరిగినా 4.10 అన్న అంకెలు మాత్రం ఇంకా తెలుస్తున్నాయి.

మొన్న మా మేనల్లుడు దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. ఎంట్రన్స్ పరీక్షలో తనకు బాగా వచ్చిన లెక్కలే రెండు తప్పు చేసి వచ్చాడు, అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. "ఆ పొద్దుకి మళ్లా పొయ్యేదానికి అయితాదా మామా?" అన్నాడు.

ఈ ప్రశ్న భౌతికశాస్త్రానికి కొత్తది కాదు. కాలం అందరికీ ఒకే వేగంతో నడవదని ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం చెప్పింది. గురుత్వాకర్షణ తగ్గేకొద్దీ, అంటే ఎత్తుకు పోయేకొద్దీ, గడియారం వేగంగా నడుస్తుంది. తిరుపతికంటే తిరుమల దాదాపు 700 మీటర్ల ఎత్తు. లెక్క కడితే, కొండ మీది గడియారం కింది గడియారంకంటే రోజుకి ఆరేడు నానోసెకన్లు ముందుంటుంది. సెకనులో వంద కోట్లో వంతు ఒక నానోసెకను. అంత చిన్న తేడా ఎవరికి కావాలి అనిపించవచ్చు. జీపీఎస్ ఉపగ్రహాల్లో గడియారాలు ఇదే కారణంగా, వాటి వేగం వల్ల తగ్గేది తీసేసినా, రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని సరిచేయకపోతే ఫోనులో మ్యాపు మనల్ని వేరే వీధిలో చూపిస్తుంది. 2023 మే 29న మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి వెళ్లిన, జీపీఎస్ లాగే దారి చూపే ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో మన దేశంలోనే తయారైన రుబీడియం అణు గడియారం ఉంది. దానికీ ఇదే లెక్క.

అయితే ఇవన్నీ ముందుకు నడిచే కాలాలే. ఒకటి నిదానం, ఒకటి తొందర, అంతే. వెనక్కి తిరిగే దారి ఉందా?

ఉందని 1949లో తర్కశాస్త్రవేత్త కర్ట్ గోడెల్ చూపించాడు. ఐన్‌స్టీన్ డెబ్బయ్యో పుట్టినరోజు సందర్భంగా, ఆయన సమీకరణాలనుంచే ఒక విశ్వాన్ని లెక్కగట్టి ముందు పెట్టాడు. ఆ విశ్వం మొత్తం గిరగిరా తిరుగుతూ ఉంటుంది. కాంతికంటే వేగంగా ఎవరూ పోలేరన్న నియమం అక్కడా ఉంది. ఘాట్ రోడ్డు చీటీలాగే, ఇంతకు ముందు చేరడానికి వీల్లేదన్న హద్దు అది. కానీ ఆ తిరుగుడుకి కాంతి నడిచే దారులే వాలిపోతాయి. అందుకని ఎక్కడా హద్దు దాటకుండా, తన చేతి గడియారం ముందుకే నడుస్తుండగా, మనిషి కొండపైన చీటీ తీసుకున్న చోటికే మళ్లీ అదే 4.10కి చేరుకోగలడు. ఐన్‌స్టీన్ దీన్ని కొట్టిపారేయలేదు. సిద్ధాంతం కడుతున్నప్పుడే ఈ అనుమానం తనని బాధపెట్టిందని, ఇలాంటి వాటిని భౌతిక కారణాలతో తోసిపుచ్చాలేమో చూడాలని రాశాడు. మన విశ్వం వ్యాకోచిస్తోంది, అలా తిరుగుతున్న జాడ ఎక్కడా లేదు. కాబట్టి గోడెల్ దారి మనకి లేదు.

1988లో భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్, మరో ఇద్దరు ఇంకో దారి చూపారు. వార్మ్‌హోల్, అంటే స్థలంలో సొరంగం. దాని ఒక మూతిని అతివేగంగా తిప్పి తెస్తే రెండు మూతుల కాలాల మధ్య తేడా వస్తుంది. ఒకదాన్లో దూరితే, దూరకముందే రెండోదాన్లోంచి బయటికి రావచ్చు. కాకపోతే ఆ సొరంగం కూలకుండా నిలవాలంటే రుణ శక్తి, అంటే శూన్యంకంటే తక్కువ శక్తి, బోలెడంత కావాలి. పైగా 1992లో స్టీఫెన్ హాకింగ్ ఇంకో అడ్డంకి చెప్పాడు. గంగమ్మ జాతరలో మైకుని స్పీకరుకి మరీ దగ్గరగా పెడితే వచ్చిన శబ్దమే మళ్లీ లోపలికి పోయి, పెరిగి పెరిగి, చెవులు చిల్లులు పడేలా కూస్తుంది కదా. కాల వలయం, అంటే గతానికి తిరిగొచ్చే చుట్టు, మూసుకోబోయే క్షణంలో శూన్యంలోని అలజడి కూడా అలాగే చుట్టు మీద చుట్టు పెరిగి, వలయాన్ని పుట్టకముందే చెరిపేస్తుందని ఆయన అంచనా. అది ఇంకా రుజువు కాలేదు. నాకు మాత్రం అదే నిజమనిపిస్తుంది.

మావాడి ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడ లేదు. వలయం దొరికిందనే అనుకుందాం. సినిమాల్లో హీరో అదే రోజుని పదిసార్లు బతుకుతాడు, ప్రతిసారీ పోయినసారి తప్పు దిద్దుకుంటాడు. సమీకరణాల్లో అలాంటి 'పోయినసారి' లేదు. వలయంలో ప్రతి క్షణం ఒక్కటే. క్యారమ్స్ స్ట్రైకరు సొరంగంలోంచి గతానికి వచ్చి, లోపలికి పోతున్న తననే తాకిందనుకోండి. గట్టిగా తాకితే అది లోపలికే పోదు, పోకపోతే వచ్చి తాకదు. 1991లో థోర్న్, ఆయన విద్యార్థులు బంతులతో ఇదే లెక్క చేసి చూశారు. బంతి అంచుని మెల్లగా రాసుకుంటూ పోయే దారులున్నాయి. ఆ రాపిడి వల్లే అది సరిగ్గా ఆ వాలున లోపలికి వెళ్లి, ఆ వాలునే బయటికి వచ్చి, మళ్లీ మెల్లగానే రాసుకుంటుంది. కథ పొసగుతుంది, కానీ ఒక్కసారే జరుగుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పూర్తిగా చుట్టు తిరిగి అదే క్షణానికి, అదే మనిషిగా చేరాలంటే మొదట ఎలా ఉన్నాడో అణువు పొల్లుపోకుండా అలాగే ఉండాలి. దారిలో తాగిన టీ కడుపులో ఉండకూడదు, పెరిగిన గోరు పెరగనట్టే ఉండాలి. మెదడులో కొత్త జ్ఞాపకం ఒక్కటి మిగిలినా వలయం అతకదు. తప్పు దిద్దుకోవాలంటే ముందు ఆ తప్పు గుర్తుండాలి కదా.

ఇదంతా వాడికి కాగితం మీద గీసి చెప్పాను. స్ట్రైకరు బొమ్మని చాలాసేపు చూశాడు.

"అట్లయితే ఆ వలయంలో గూడా ఆ రెండు లెక్కలు తప్పేనా మామా?"

తప్పేరా అన్నాను. వాడు ఆ కాగితాన్నే తిరగేసి, వెనక వైపు ఆ రెండు లెక్కల్లో మొదటిది రాసుకున్నాడు.