వాడు మా బడిలోనే చదివాడండీ: స్వచ్ఛంద సంస్థల విరాళాలపై అపోహలు, వాస్తవాలు

డిసెంబరు, జనవరి నెలల్లో అమెరికాలో ఉన్న మనవాళ్లు ఊళ్లకు వస్తారు. పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరుగుతుంది. మైకు పట్టుకుని బడికి ఇంత, గ్రంథాలయానికి ఇంత అని ప్రకటిస్తారు, చప్పట్లు మోగుతాయి. మార్చి నెలాఖరుకు ఆ సంస్థ కార్యదర్శి వోచర్ల సంచీతో వచ్చి నా ఎదుట కూర్చుంటారు. చిన్న స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూడటం నా వృత్తి. పాస్‌బుక్కులో ఆ జమ కనబడగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఇచ్చినాయన ఏ దేశ పౌరుడు?

అపోహ: మన ఊళ్లో పుట్టిన తెలుగువాడు ఇస్తే అది విదేశీ విరాళం ఎలా అవుతుంది?

అవుతుంది. విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టానికి పుట్టిన ఊరితోనూ, మాట్లాడే భాషతోనూ పనిలేదు. డబ్బు ఇచ్చిన నాటికి పౌరసత్వం ఏమిటన్నదే లెక్క. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి, గ్రీన్‌కార్డు మీద ఇరవై ఏళ్లుగా డాలస్‌లో ఉంటున్నా సరే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్న మర్నాడు పంపితే విదేశీ విరాళమే. చాలామంది ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు, చూపిస్తారు. ఆ కార్డు వీసా బాధ తప్పిస్తుంది, పౌరసత్వం ఇవ్వదు.

కొన్నేళ్ల కిందట ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు వచ్చారు. బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించారు. ఇటుకలు, సిమెంటు, తాపీ కూలి, ఆఖరికి తలుపు గడియ దాకా ప్రతిదానికీ రసీదు ఉంది. అంత శుభ్రమైన లెక్కలు నేను అరుదుగా చూస్తాను. డబ్బిచ్చిన ఆరుగురిలో ఇద్దరు అమెరికా పౌరులు. సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేదు. విషయం చెబితే ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వాడు మా బడిలోనే చదివాడండీ. ఎక్కాలు రాకపోతే నేనే గోడ కుర్చీ వేయించాను. వాడు విదేశీయుడు ఎలా అవుతాడు?"

పైగా ఆ డబ్బు డాలర్లలో రాలేదు. హైదరాబాదులోని ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులు ఇక్కడి బ్యాంకులో ఉంచుకునే రూపాయల ఖాతా) నుంచి రూపాయల్లో వచ్చింది. రూపాయలైతే ఫరవాలేదని ఎవరో ఆయనకు చెప్పారట. చట్టంలో ఉన్న మాట స్పష్టంగా ఉంది: కరెన్సీ భారతీయమైనా, విదేశీయమైనా ఒకటే. ఈ 'ఎవరో' ఎవరో గానీ, నాకు దొరకడు.

తిప్పి పంపేస్తే సరిపోతుందా అని అడిగారు. రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోవడమే ఉల్లంఘన కనుక, తిప్పి పంపినంత మాత్రాన అది మాసిపోదు. చట్టంలో అయిదేళ్ల దాకా జైలు శిక్ష రాసి ఉంది. ఆ మాట విని మాస్టారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. దుర్వినియోగం లేనప్పుడు కేంద్ర హోంశాఖకు మనమే దరఖాస్తు చేసుకుని, కాంపౌండింగ్ కింద, అంటే కేసు కోర్టుకు వెళ్లకముందే రాజీగా, సొమ్ము కట్టి బయటపడే దారి ఉంది. అలాగే బయటపడ్డారు. ఆ సొమ్ము కార్యవర్గ సభ్యులు తలా కొంత వేసుకున్నారు.

అపోహ: రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తీసుకుని మనకు ఇస్తుంది.

ఆ దారి 2020 సెప్టెంబరు సవరణతో మూసుకుపోయింది. ఒక సంస్థ తాను తీసుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, అవతలి సంస్థకు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసు, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు కార్యక్రమాల మీద రూ.15 లక్షల ఖర్చు ఉండాలి. అంత లేని చిన్న సంస్థ ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని చూపి ముందస్తు అనుమతి అడగవచ్చు. రెంటిలో ఏదైనా డబ్బు మొదట చేరాల్సింది స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాకే. అది తెరవడానికి ఢిల్లీ వెళ్లక్కర్లేదు, మీ దగ్గరి శాఖలో అడగండి.

ఇక ప్రవాసుల డబ్బు ముట్టుకుంటే సంస్థ మూసేస్తారని వాట్సాప్‌లో తిరిగే సందేశం. అది నమ్మి, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఇచ్చిన డబ్బు కూడా వెనక్కి పంపిన కార్యదర్శులు నాకు తెలుసు. భయపడే వాళ్లను తప్పుపట్టను. ఆ సందేశాన్ని పదిమందికి పంపేవాళ్ల మీదే నా కోపం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సొసైటీ రిజిస్టరైతే పన్ను మినహాయింపు దానంతట అదే రాదు, ఆదాయపు పన్ను శాఖ దగ్గర విడిగా నమోదు తీసుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి అది శాశ్వతం కూడా కాదు, గడువు చూసుకుని పునరుద్ధరించుకోవాలి. రూ.2,000 దాటిన నగదు విరాళానికి దాతకు ఆదాయపు పన్ను రాయితీ రాదు. సంస్థకు మిగులే ఉండకూడదనేది తప్పు, ఆదాయంలో 15 శాతం దాకా ఉంచుకోవచ్చు. సమావేశాల మినిట్స్ పుస్తకం ఆడిట్ ముందు రోజు ఒకే పెన్నుతో ఏడాదంతా రాస్తే చూసేవాడికి తెలిసిపోతుంది.

మాస్టారి రసీదు పుస్తకంలో ఇప్పుడు పౌరసత్వం అనే గడి ఉంది. పాస్‌పోర్టు నకలు జతచేయనిదే రసీదు చింపరు. మొన్న ఫోన్ చేశారు. "ఒకడు లక్ష ఇస్తానంటున్నాడండీ. నకలు పంపడానికి బద్ధకం వాడికి. పాస్‌పోర్టు రంగేమిటని అడిగితే నీలం అన్నాడు. తీసుకోమంటారా?"

అమెరికాదీ నీలమే మాస్టారూ, అన్నాను.